చెత్తడబ్బా గుఱుతుగల జట్టు

గడచిన వేసవి సెలవులలో నొకనాటి సాయంకాలము మా పెద్దవాడు వీధి యరుగుమీద గూర్చుండి, ఫోనులో నేదో చిత్రమును జూచుచు, నడుమ నడుమ నవ్వుచు, "అమ్మా, ఒక్కసారి యిటు రమ్ము" అని పిలుచుచుండెను. మేము చింతపండు గింజలు దీయుచుంటిమి. పిల్లలు చూచునది యేదియో తల్లి యొకసారి చూడవలయునను నియమము మా యింట గలదు గనుక, చేతులు కడుగుకొని వచ్చి వాని ప్రక్కను గూర్చుంటిమి. అది 2021వ సంవత్సరమున నెట్‌ఫ్లిక్సువారు వెలువరించిన యొక యథార్థ చరిత్ర చిత్రము. అమెరికా దేశమున గనెక్టికట్ రాష్ట్రమందలి డాన్‌బరీ యను పట్టణములో రెండేండ్లు మాత్రమే బ్రదికిన యొక మంచు హాకీ జట్టు కథ యది. జట్టు పేరు డాన్‌బరీ ట్రాషర్సు. అనగా చెత్తవారని చెప్పుకొనవచ్చును. దానిని గొన్నవాడు తండ్రి, నడపినవాడు 17 ఏండ్ల కొడుకు.

చిత్రము ముగియగనే మావాడు, "నాన్నగారికి డబ్బుండినచో నాకు గూడ నిట్టి జట్టు కొనియిత్తురా?" అని యడిగెను. మా యింటివారు దినపత్రికనుండి తల యెత్తకయే, "ముందు లెక్కలలో గట్టెక్కుము, పిమ్మట జట్టు సంగతి చూతము" అనిరి. అందఱము నవ్వుకొంటిమి. కాని యా రాత్రి మాకు జాలసేపు నిద్రపట్టలేదు. అందులకు గారణము కడపట జెప్పెదము. ముందుగా నా జట్టు చరిత్రను, ఆ యాట యెఱుగని సోదరీమణులకు గూడ దెలియునట్లు, చెప్పుచున్నాము.

మన యూళ్ళలో హాకీ యనగా గడ్డినేలమీద బంతితో నాడునది. మంచు హాకీ వేఱు. దాదాపు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల యొక చావడిలో నీటిని గడ్డకట్టించి, యడుగున నుక్కుకత్తులు బిగించిన జోళ్ళు తొడిగి, దానిపై జాఱుచు నాడుదురు. బంతికి బదులు మూడంగుళముల వెడల్పు, ఒక యంగుళము మందము గల నల్లని రబ్బరు బిళ్ళ. చేతితో నదిమిన గారెపిండి యంత యుండును గాని ఱాతివలె గట్టిది. ఒక్కొక్క పక్షమున గోలు కాచువానితో గూడ నాఱుగురు. ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములుగా నాట సాగును. తప్పు చేసినవానిని బడిలో బెంచీ యెక్కించినట్లు రెండు నిమిషములు ప్రక్కనున్న చిన్న గదిలో గూర్చుండబెట్టుదురు. అంతసేపు వాని పక్షమువారు ఒకడు తక్కువగా నాడవలయును.

ఉత్తర అమెరికాలో జీతమునకాడు జట్లలో మఱియొక వింత యాచారము గలదు. ఇద్దఱు చేతితొడుగులు పాఱవైచి గ్రుద్దులాటకు దిగిరా, మధ్యవర్తులు వెంటనే యడ్డుపడరు. ఎవడైన నొకడు పడునంతవఱకో, అలయునంతవఱకో చూచి, పిమ్మట విడదీసి, చెఱి యయిదు నిమిషములు శిక్ష విధింతురు. అంతియే. తమ నేర్పరులను ఎదిరిపక్షమువారు బాధింపకుండ గాచుటకై, కొట్లాటలో దిట్టలైనవారిని జీతమిచ్చి పెట్టుకొనుట గూడ గలదు. వారికి ఎన్‌ఫోర్సర్లని పేరు. మా యత్తగారు ఈ భాగమును జూచి, "వీరికి తల్లులు లేరా?" అనిరి.

ఈ యాటకు మెట్లు గలవు. పైమెట్టు నేషనల్ హాకీ లీగు. దాని క్రింద మఱికొన్ని సంఘములు. అట్టి చిన్న సంఘములలో నొకటి యునైటెడ్ హాకీ లీగు. పైమెట్టున నాడువారు కోట్లు గడింతురు. క్రిందిమెట్టున నాడువారు వారపు జీతముతో, రాత్రులు బస్సులలో బ్రయాణము చేయుచు, ఆటలేని నెలలలో నేదైన వేఱుపని వెదకుకొనుచు, ఎప్పటికైన బైమెట్టు చేరుదుమను నాసతో గాలము గడపుదురు. వారి భార్యలు ప్రతి యేటను క్రొత్తయూర బాలవానిని, వైద్యుని, అద్దెయింటిని వెదకుకొనవలసినదే. బదిలీలు మరగిన యుపాధ్యాయుల భార్యలకు ఈ సంగతి వేఱుగ జెప్ప బనిలేదు.

ఇక నా యూరు. డాన్‌బరీకి టోపీల పట్టణమని పాతపేరు. ఒకప్పుడు అమెరికా మగవారి తలలపై నున్న టోపీలలో ననేకము లా యూర దయారైనవి. బొచ్చును అదిమి టోపీగుడ్డ చేయుటకు బాదరసపు లవణమును వాడెడివారు. ఆ యావిరి పీల్చి పీల్చి పనివాండ్రకు చేతులు వణకెడివి, మాట తడబడెడిది, మనసు చెదరెడిది. ఆ రోగమునకు జనులు ఊరిపేరే పెట్టి డాన్‌బరీ వణకు అనిరి. 1941లో గాని యా పాదరసపు వాడుక మానిపింపబడలేదు. పిదప టోపీ పెట్టుకొను నలవాటే తగ్గి, కర్మాగారము లొకటొకటిగా మూతపడినవి. తమదని గర్వముగ జెప్పుకొనుటకు ఏమియు మిగులని యూరివారికి, శనివారపు రాత్రి తమ జట్టు అని కేకలు వేయుటకు నొక జట్టు దొరకుట యెంత సంతోషమో మీ రూహింపవచ్చును.

ఆ జట్టును దెచ్చినవాడు జేమ్సు గలాంటీ. చెత్తయెత్తు వ్యాపారముతో మిక్కిలి ధనవంతుడైనవాడు. ఆయన కుమారుడు, ఏ.జే. యని పిలువబడువాడు, హాకీయన బ్రాణము పెట్టువాడు. గాయముచేత నాట మానవలసివచ్చెను. కొడుకు తాను ఆడలేడు గనుక ఆడించువాడైన గావలెనని కాబోలు, 2004లో దండ్రి యునైటెడ్ హాకీ లీగులో నొక జట్టుహక్కు కొని, కుమారుని దానికి అధ్యక్షునిగను, వ్యవహారకర్తగను జేసెను. కుమారుడప్పటికి ఉన్నత పాఠశాల విద్యార్థి. తండ్రి వ్యాపారమును దలచియే జట్టునకు ట్రాషర్సని పేరిడిరి. కోపముతో గన్నులెఱ్ఱజేసి, హాకీకఱ్ఱ పట్టిన చెత్తడబ్బా దానికి గుఱుతు. మొదట నవ్వినవారే పిదప నా గుఱుతుగల చొక్కాలు కొని తొడిగికొనిరి.

జట్టును గూర్చుటలో గుఱ్ఱవాని యభిరుచి స్పష్టముగ గనబడెను. గెలుపును గావలెను, కొట్లాటయు గావలెను. బలిష్ఠులైన కొట్లాటగాండ్రను బెక్కుమందిని దెచ్చిరి. ప్రపంచప్రసిద్ధుడగు వేన్ గ్రెట్స్కీ తమ్ముడు బ్రెంట్ గ్రెట్స్కీ యీ జట్టున నాడెను. ఆ యేడు దైవికముగ మఱియొక యవకాశము కలిసివచ్చెను. పెద్ద సంఘమున యజమానులకును ఆటగాండ్రకును జీతముల హద్దు విషయమై తగవు పుట్టి, ఆటలు నిలిచిపోయి, తుదకు 2005 ఫిబ్రవరి 16న నా సంవత్సరపు పోటీలన్నియు రద్దుచేయబడినవి. పనిలేక యున్న పెద్ద యాటగాండ్రు కొందఱు చిన్న జట్లలో జేరిరి. 2003లో న్యూజెర్సీ డెవిల్సు జట్టునకు స్టాన్లీ కప్పు గెలిపించిన గోలు కొట్టిన మైక్ రప్ప్ అట్లు డాన్‌బరీకి వచ్చి ట్రాషర్సులో నాడెను.

ఊరివారు విరగబడి వచ్చిరి. చావడిలో 102వ భాగమున గూర్చుండు ప్రేక్షకుల కేకలకు ఎదిరిపక్షమువారు బెదరెడివారట. తండ్రి ఒకవైపున గూర్చుండి చూచుచుండ, కొడుకు జట్టును నడపుచుండెను. రెండవ యేట, అనగా 2005-06లో, జట్టు కడపటి పోటీవఱకు వచ్చి, కలమజూ వింగ్సు చేతిలో నోడినది. రెండేండ్ల పసిజట్టునకు అది చిన్న ఘనత గాదు. మఱుసటి యేడు కప్పు మనదే యని యూరంతయు ననుకొన్నది.

మఱుసటి యేడు రాలేదు. 2006 జూనులో గలాంటీతో గూడ 29 మందిపై ప్రభుత్వమువారు నేరములు మోపిరి. జట్టు రద్దయినది.

నేరము లేమన, ప్రధానమైనది చెత్త వ్యాపారమునకు సంబంధించినది. ఆ ప్రాంతమున జెత్తయెత్తువారు కొందఱు లోలోపల నొప్పందము చేసికొని, ఒకరి ఖాతాదారుని మఱియొకరు ముట్టకుండ గట్టడి చేసికొనిరి. బేరమాడుటకు వేఱొకడు రాడు గనుక ఖాతాదారులు అడిగినంత యిచ్చుకొనవలసినదే. కూరగాయల బండివాండ్రందఱు గూడబలుకుకొని, మన వీధికి ఒక్కనినే రానిచ్చిన మన గతి యేమగునో తలచుకొనుడు. ఈ కట్టడికి వెనుక బలముగ న్యూయార్కులోని జెనోవీస్ యను నేరస్థకూటమి యుండెను. దాని పెద్దలలో నొకడగు మాథ్యూ అయనెల్లోకు గలాంటీ యేటేట 1,20,000 డాలర్లు చెల్లించుచుండెను. 2008లో గలాంటీ నేరము నొప్పుకొనెను. ఆయనకు 87 నెలల చెఱసాల శిక్ష పడినది. 25 వ్యాపారసంస్థలలో దన హక్కును వదలుకొనవలసివచ్చెను. కుమారునిపై నే నేరమును మోపబడలేదు.

అయితే సోదరీమణులారా, మమ్ము నిద్రపోనీయనిది యీ పెద్ద నేరము గాదు. ఆయన యొప్పుకొన్నవానిలో జట్టునకు సంబంధించిన మోస మొకటి గలదు. దానిని గొంచెము వివరింపవలయును.

ఆ చిన్న సంఘమున నే జట్టు గాని యేడాదికి 2,75,000 డాలర్లకు మించి జీతము లీయరాదని నియమము. ఈ నియమము లేకున్న, ధనవంతుని జట్టే ప్రతి యేడు గెలుచును. పేదయూళ్ళ జట్లు మూతపడును. పోటీయను మాటకే యర్థముండదు. పందెములో నందఱను ఒకే గీతవద్ద నిలువబెట్టుట వంటిది యిది. గలాంటీ జట్టు జీతములు నిజమునకు 7,50,000 డాలర్లకు దగ్గఱగా నుండెను. మిగిలిన సొమ్మును గప్పిపుచ్చుట యెట్లు? ఆటగాండ్రను, వారి భార్యలను దన చెత్త సంస్థలలో నుద్యోగులుగ బట్టీలో వ్రాయించి జీతములిచ్చెను. వారు పనికి బోనక్కఱలేదు. పేరుండును, పనియుండదు, జీతముండును.

అనగా నా జట్టు గెలుపులో గొందఱు గృహిణుల పేర్లు గూడ గలిసియున్నవి. వారు మంచుమీద గాలు పెట్టలేదు, చెత్తబండి ముఖము చూడలేదు. నెలనెల జీతపు కాగితము మాత్రము వారి పేర వచ్చెను. ఆ భార్యలను నిందించుటకు మాకు నోరు రాదు. ఏటేట నూరు మాఱుచు, పిల్లల పాలకు, అద్దెకు వెదకుకొను నిల్లాలికి, యజమాని పిలిచి "అమ్మా, నీ పేర గొంత సొమ్ము వచ్చును, నీవేమియు జేయనక్కఱలేదు" అన్నచో, అది మోసమని తోచునా? దేవుడు కరుణించెనని తోచును. ఈ మాట మేము ఊహించి వ్రాయుట లేదు. మాకట్లు తోచినది గనుకనే వ్రాయుచున్నాము.

పండ్రెండేండ్ల క్రిందట మా యింటివారు ఒక పట్టణమున నొక పాఠశాలలో బనిచేయుచుండిరి. మాకు రెండవవాడు పుట్టి యాఱుమాసములు. జీతము చాలక, పచారీ కొట్టులో బాకీ పెరుగుచుండెను. మా యింటివారు జీతము పెంపుడని యడుగగా, పాఠశాల పెద్దలు, "జీతము పెంచుట వీలుగాదు. కాని మీ యింటావిడ పేరు కుట్టుపని పంతులమ్మగా బట్టీలో వ్రాయించెదము. నెలకు మూడువేలు వచ్చును. ఆమె బడికి రానక్కఱలేదు. తనిఖీకి వచ్చువారికి ఉపాధ్యాయుల లెక్క సరిపోయిన జాలును" అనిరి. మా యింటివారు ఇంటికి వచ్చి చెప్పి, "నీ యిష్టము" అనిరి. మే మొక్క నిమిషమైన నాలోచింపలేదు. సంతకము చేసితిమి. నాలుగు నెలలు ఆ సొమ్ము తీసికొంటిమి.

అయిదవ నెలలో దనిఖీ వచ్చినది. ఆనాడు మాత్రము మమ్ము గట్టుచీర గట్టుకొని వచ్చి యాఱవ తరగతిలో గూర్చుండుమనిరి. తనిఖీదారు గుమ్మములోనుండి చూచి పోయెను. అంతలో నొక బాలిక, పదునొకండేండ్లదేమో, సగము కుట్టిన పావడా యంచును సంచిలోనుండి దీసి, "టీచరుగారూ, ఇది ముడతలు పడకుండ నెట్లు కుట్టవలెను?" అని యడిగెను. కుట్టుట మాకు వచ్చును. మా నాయనమ్మ నేర్పినది. ప్రక్కను గూర్చుండబెట్టుకొని యంచు మడచి, దారము వదులుగ దీయుట చూపితిమి. మఱి నలుగురు పిల్లలు చుట్టు జేరిరి. గంట మ్రోగునంతవఱకు గాల మెట్లు గడచినదో తెలియదు. లేచునప్పుడు ఆ బాలిక, "రేపుగూడ వత్తురా?" అని యడిగెను.

మాకు నోట మాట రాలేదు. ఆ పిల్లకు రావలసిన పాఠమును నాలుగు నెలలనుండి మేము మూడువేల చొప్పున నమ్ముకొనుచుంటిమని యప్పుడు గాని మా బుద్ధికి దోచలేదు. మోసపోయినది తనిఖీదారని, ప్రభుత్వమని యనుకొంటిమి. మోసపోయినది సగము కుట్టిన పావడాతో నెదుట నిలుచున్నది.

ఆ రాత్రి మా యింటివారితో జెప్పితిమి. వారు మఱునాడు పెద్దలయొద్దకు బోయి, "మా యావిడను వారమునకు రెండు గంటలు నిజముగ బాఠము చెప్పనిండు, లేదా యామె పేరు తీసివేయుడు" అనిరి. వారు పేరు తీసివేసిరి. ఆ వేసవితో మా యింటివారి పనియు ముగిసినది. వేఱు పని దొరకునంతవఱకు అయిదు నెలలు మా పుట్టింట నుంటిమి. తీసికొన్న పండ్రెండువేలు తిరిగి యిచ్చితిమని వ్రాయగలిగిన బాగుండెడిది. ఇయ్యలేదు. అవి యద్దెకు, పాలకు, పచారీ బాకీకి జెల్లిపోయినవి.

చిన్ననాడు మా తాతగారియొద్ద భారతము చదువునప్పుడు, ధృతరాష్ట్రునిపై మాకు గోపము కంటె జాలి యెక్కువగ నుండెడిది. కొడుకునకు సంతోషము గూర్పవలెనని కోరని తండ్రి యెవడు? తాతగారు మాత్రము, "అతని తప్పు ప్రేమించుట గాదు తల్లీ, జూదములో గెలిచినది యెవరని యాత్రముతో నడిగినవాడు, ఎట్లు గెలిచిరని యొక్కమాఱైన నడుగలేదు" అనెడివారు. డాన్‌బరీ తండ్రి కథ విన్నప్పుడు ఆ మాట జ్ఞప్తికి వచ్చినది. ఆయన ప్రేమ నిజము. కుఱ్ఱవాని తెలివియు నిజము. ఊరివారి సంతోషమును నిజమే. ఇప్పటికిని ఆ చెత్తడబ్బా చొక్కాలను దాచుకొన్నవారు గలరు. ఇన్ని నిజములకు బునాది మాత్రము అబద్ధపు బట్టీ యయినది. పునాది కదలగనే మీదనున్న మంచి గూడ గూలినది. ఏ తప్పు నెఱుగని పిల్లలు, తమ జట్టేమాయెనని తండ్రుల నడిగియుందురు.

ఆ తరువాతి సంగతులు రెండు మాటలలో జెప్పెదము. ఆ చిన్న సంఘము 2007లో బేరు మార్చుకొని, 2010లో ముగిసిపోయినది. డాన్‌బరీ చావడిలో మాత్రము ఆట యాగలేదు. 2010లో వేలర్సని, 2015లో టైటన్సని జట్లు వచ్చి పోయినవి. 2019లో హాట్ ట్రిక్సను జట్టు వచ్చినది. ఒకే యాటగాడు ఒకే పోటీలో మూడు గోలులు కొట్టిన దానిని హాట్ ట్రిక్కందురు. టోపీల యూరికి దగిన పేరే. కనెక్టికట్ వేల్ అను స్త్రీల జట్టు గూడ గొన్నియేండ్లు ఆ మంచుమీదనే యాడినది. ఈ సంగతి విని మా యత్తగారు, "ఆడవారు గూడ గ్రుద్దుకొందురా?" అని యడిగిరి. ఆడవారి యాటలో నట్టి కొట్లాటకు దావు లేదని చెప్పగా నెమ్మదించిరి.

మఱునాడు మా పెద్దవానిని బిలిచి, పైన వ్రాసిన మా కథ యంతయు వానికి జెప్పితిమి. తల్లి తప్పు కొడుకునకు జెప్పుకొనుట యెంత కష్టమో చెప్పి చూచినవారికి గాని తెలియదు. వాడు చాలసేపు మాటాడక యుండి, "అమ్మా, ఆ పిల్ల పావడా పూర్తిచేసినదా?" అని మాత్రమడిగెను. వాని కంతకంటె నేమి చెప్పవలయునో మాకు దోచలేదు. లోనికి బోయి చింతపండు ముందు గూర్చుంటిమి.

సోదరీమణులారా, మన పేరును మన మంతగా విలువ గట్టము. ఇల్లు కొనినను, అప్పు తెచ్చినను, సంస్థ పెట్టినను, "ఇచ్చట సంతకము చేయుము" అన్న జేసెదము. భర్త చెప్పెనని, అన్న చెప్పెనని, యజమాని దయదలచెనని చేసెదము. ఇకమీద నెవరైన మీ పేర నొక యుద్యోగమో, వాటాయో, జీతమో వ్రాయింతుమన్న, కలము పట్టుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగుడు. ఈ కాగితమున వ్రాసిన పని నేను నిజముగ జేయుదునా? నేను చేయనిచో దానివలన నష్టపోవువారెవరు? రెండవ ప్రశ్నకు బదులు దొరకునంతవఱకు కలమును బల్లపైననే యుంచుడు. ఇంట సొమ్ము చాలని నెలలో ఈ ప్రశ్నలు అడుగుట యెంత కష్టమో మేమెఱుగుదుము. ఎఱిగియే చెప్పుచున్నాము.

మీలో నిట్టి యనుభవము గలవారు వ్రాసినచో, పేరు లేకుండ నీ శీర్షికలో బ్రకటింతుము.